సమితి డిజిటల్ లైబ్రరీలో ఆర్విడ్ పార్డో: ఏడేళ్లు కళ్లెదుట, మిగతా కొలువంతా తెర వెనక

ఐక్యరాజ్య సమితి డిజిటల్ లైబ్రరీకి రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు, సభ్యత్వం అడగరు. న్యూయార్క్‌లోని డాగ్ హామర్‌షోల్డ్ లైబ్రరీ, జెనీవాలోని సమితి లైబ్రరీ కలిసి 2017 నుంచి దీన్ని నడుపుతున్నాయి. అంతకుముందు పరిశోధకులు వాడిన యూఎన్‌బిస్‌నెట్ అనే పాత కేటలాగు స్థానంలో ఇది వచ్చింది. తీర్మానాలు, సమావేశాల రికార్డులు, నివేదికలు, ఏ దేశం ఎటు ఓటేసిందన్న వివరాలు 1946 నుంచి ఇందులో ఉన్నాయి. సివిల్స్‌కు చదివేవారు, అంతర్జాతీయ న్యాయం విద్యార్థులు, పత్రికల్లో విదేశీ వ్యవహారాలు రాసేవారు చేతికింద పెట్టుకోదగ్గ సేవ. అయినా చాలామంది ఒకటి రెండుసార్లు వెతికి, ఏమీ దొరకలేదని వదిలేస్తుంటారు. దొరక్కపోవడానికి కారణాలు రెండు. ఉన్నదాన్ని సరిగ్గా అడగకపోవడం ఒకటి. అసలు అక్కడ ఉండనిదాన్ని అడగడం ఇంకొకటి. ఏది ఎప్పుడు జరుగుతోందో తెలియాలంటే ఒక మనిషి ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచి చివరిదాకా ఇందులో వెతికి చూడాలి.

అందుకు మాల్టా దౌత్యవేత్త ఆర్విడ్ పార్డో సరైన మనిషి. 1914లో రోమ్‌లో పుట్టారు. తండ్రిది మాల్టా, తల్లిది స్వీడన్. చిన్నప్పుడే ఇద్దరూ పోవడంతో ఇటలీ దౌత్యవేత్త బెర్నార్డో అటోలికో సంరక్షణలో పెరిగారు. ఫ్రాన్సులోని టూర్‌లో దౌత్య చరిత్ర చదివి, రోమ్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఫాసిస్టులకు వ్యతిరేకంగా పనిచేసినందుకు యుద్ధకాలంలో ఇటలీలోనూ, ఆ తర్వాత జర్మన్ల చేతిలోనూ జైలు అనుభవించారు. 1945లో లండన్ చేరి, అప్పుడప్పుడే కాళ్లూనుకుంటున్న సమితిలో కాగితాలు సర్దిపెట్టే చిన్న ఉద్యోగంలో చేరారు. అక్కడినుంచి ధర్మకర్తృత్వ వ్యవహారాల విభాగం (ఇంకా స్వాతంత్ర్యం రాని కొన్ని భూభాగాల పాలనను సమితి తరఫున చూసేది), సాంకేతిక సహాయ కార్యక్రమం, నైజీరియాలో, ఈక్వడార్‌లో క్షేత్రస్థాయి బాధ్యతలు. 1964 సెప్టెంబరు 21న మాల్టాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ చిన్న దేశానికి సమితిలో తొలి శాశ్వత ప్రతినిధి అయ్యారు. 1971లో మాల్టాలో ప్రభుత్వం మారడంతో ఆ పదవి పోయింది. అక్కడినుంచి అమెరికాలో పరిశోధన, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకత్వం. 1999లో మరణించారు.

ఈ జీవితాన్ని డిజిటల్ లైబ్రరీలో వెతికితే 1964కీ 1971కీ మధ్యనున్న ఏడేళ్లు మాత్రమే పట్టపగల్లా కనిపిస్తాయి. అంతకుముందు దాదాపు ఇరవై ఏళ్లు సమితిలోనే పనిచేసినా ఆ కాలమంతా చీకటి. తర్వాతి అధ్యాపక జీవితమూ అంతే. ఇందులో సాంకేతిక లోపం ఏమీ లేదు. ప్రభుత్వాలు సభ ముందు పెట్టిన కాగితాలకు ఇది లైబ్రరీ. దేశం తరఫున లేచి మాట్లాడినవారి పేరు పెద్ద అక్షరాల్లో అచ్చవుతుంది. సచివాలయంలో కూర్చుని కాగితం తయారుచేసినవారి పేరు ఎక్కడా ఉండదు. పైన ‘ప్రధాన కార్యదర్శి నివేదిక’ అనో ‘సచివాలయం రూపొందించినది’ అనో ఉంటుంది, అంతే. అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల మీద పనిచేయబోయేవారు ఈ సంగతి మొదటిరోజే తెలుసుకోవాలి. తెలియకపోతే సెర్చ్ బాక్సులో పేరును తిప్పి తిప్పి కొడుతూ నెలలు పోగొట్టుకుంటారు.

ప్రసంగాన్ని పట్టుకునే పద్ధతి

ముందు ఈ సేవ గొప్పగా పనిచేసే వైపు చూద్దాం. పార్డో పేరు చరిత్రలో నిలిచింది 1967 నవంబరు 1, బుధవారం నాటి ప్రసంగంతో. దేశాల హద్దులు దాటిన సముద్రగర్భం ఎవరి సొత్తూ కాకూడదు, అది మానవాళి ఉమ్మడి వారసత్వం, దాన్ని సైనిక అవసరాలకు వాడకూడదు, అక్కడి సంపదలో పేద దేశాలకు ముందు వాటా రావాలి అని సర్వప్రతినిధి సభ మొదటి కమిటీలో ఆయన వాదించారు. నేటి సముద్ర చట్టాల ఒప్పందంలో సగం కథ అక్కడ మొదలవుతుంది.

ఈ ప్రసంగం కోసం పార్డో, మాల్టా, సీబెడ్ అనే మాటలు కలిపి కొడితే తర్వాతి దశాబ్దాల నివేదికలన్నీ వరుస కడతాయి గానీ అసలు పత్రం పైకి రాదు. పేరుతో కాకుండా సింబల్‌తో అడగాలి. సింబల్ అంటే ప్రతి సమితి పత్రం పైన కుడివైపు అచ్చయ్యే గుర్తు. పత్రానికి అదే ఇంటి నంబరు. ‘ఎ’ అంటే సర్వప్రతినిధి సభ. ‘సి.1’ అంటే మొదటి కమిటీ. ‘పీవీ’ అంటే మాటకు మాట దింపిన రికార్డు. చివరి అంకె సమావేశం సంఖ్య. పార్డో ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం ముగించారు కాబట్టి ప్రసంగం రెండు పత్రాల్లో ఉంది: ఎ/సి.1/పీవీ.1515, ఎ/సి.1/పీవీ.1516. వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, అడ్డగీతలూ చుక్కలూ ఉన్నవున్నట్టు, మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి కొట్టాలి. గుర్తులు లేకపోతే సాఫ్ట్‌వేర్ సింబల్‌ను ముక్కలు చేసి ప్రతి ముక్కనూ విడిగా వెతుకుతుంది. ‘ఎ’, ‘1’ లేని పత్రం ఎక్కడుంటుంది?

1515 దొరికింది కదా అని అక్కడ ఆగిపోవద్దు. ఉదయం భాగంలో సముద్రగర్భ సంపద లెక్కలు, సైనిక ప్రమాదాల వివరణ ఉంటాయి. ఏం చేయాలన్న ప్రతిపాదన, అంటే ఒక ప్రత్యేక అంతర్జాతీయ సంస్థ పెట్టాలన్న ఆలోచన మధ్యాహ్నం భాగంలో ఉంది. ఒక్క 1515 మాత్రమే ఉదహరించి ప్రతిపాదన గురించి రాసే వ్యాసాల్లో పేజీ సంఖ్య తప్పడం ఇందుకే.

పీవీ అన్న రెండక్షరాలకు చాలా విలువ ఉంది. మొదటి కమిటీకి మాటకు మాట రికార్డు ఉంటుంది కాబట్టి పార్డో వాక్యాన్ని ఆయన వాక్యంగానే ఎత్తి రాయవచ్చు. మిగతా కమిటీల్లో ఎక్కువగా దొరికేది ‘ఎస్‌ఆర్’, సారాంశ రికార్డు. అందులో మాటలు వక్తవి కావు, రాసుకున్న ఉద్యోగివి. ఎస్‌ఆర్ నుంచి తీసిన వాక్యానికి కొటేషన్ గుర్తులు పెట్టి వక్త నోట్లో పెడితే అది తప్పు. పరిశోధన వ్యాసాల్లో కూడా ఈ పొరపాటు కనిపిస్తుంటుంది. ఇంకో జాగ్రత్త: పీవీలో కూడా టైపు చేసిన తాత్కాలిక ప్రతి వేరు, దిద్దుబాట్ల తర్వాత రెండు కాలమ్‌లుగా అచ్చయిన అధికారిక ప్రతి వేరు. అచ్చుప్రతిలో పేరాలకు వరుస సంఖ్యలు ఉంటాయి. ఉదహరించేటప్పుడు పేజీ కాకుండా పేరా సంఖ్య ఇస్తే ఏ భాషా ప్రతి తెరిచినవారికైనా సరిపోతుంది.

ఈ ఒక్క ప్రసంగం వరకైతే ఇంకో దగ్గరి దారి ఉంది. సమితి న్యాయ విభాగంలోని సముద్ర వ్యవహారాల డివిజన్ తన సైట్‌లో దీన్ని విడిగా పీడీఎఫ్‌గా పెట్టింది. డిజిటల్ లైబ్రరీ సర్వర్ మొరాయించినప్పుడు అది పనికొస్తుంది. రికార్డుకు సంబంధించిన మిగతా వివరాలు మాత్రం అక్కడ ఉండవు.

స్కాన్ నాణ్యత, అంకెల దగ్గర జాగ్రత్త

1960ల పత్రాలు కాగితం నుంచి స్కాన్ చేసినవి. కంటికి బాగానే ఆనుతాయి. చిక్కంతా కాపీ చేసుకునేటప్పుడే. రెండు కాలమ్‌ల పేజీలో మౌస్‌తో అడ్డంగా లాగితే ఎడమ వాక్యం సగం, కుడి వాక్యం సగం కలిసిపోయి వస్తాయి. ఒక్కో కాలమ్‌నే పైనుంచి కిందికి ఎంచుకోవాలి. కీబోర్డులో ఆల్ట్ నొక్కి లాగితే కొన్ని పీడీఎఫ్ రీడర్లలో నిలువుగా ఎంపిక అవుతుంది. లేదంటే పేజీని బొమ్మగా కత్తిరించి, కాలమ్‌కొక ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చడం) చేయడం మేలు.

అంకెల విషయంలో ఓసీఆర్‌ను నమ్మకూడదు. పార్డో ప్రసంగంలో అందరూ ఎత్తి రాసేది పసిఫిక్ మహాసముద్రం అడుగున ఉన్న ఖనిజపు ముద్దల లెక్క. బంగాళాదుంపల సైజులో నల్లగా పడి ఉండే ఈ ముద్దల్లో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి. అమెరికా గనుల ఇంజినీరు జాన్ మెరో 1965లో వేసిన అంచనాల్ని పార్డో సభ ముందు పెట్టారు: మాంగనీసు 35,800 కోట్ల టన్నులు, అల్యూమినియం 4,300 కోట్లు, నికెల్ 1,470 కోట్లు, రాగి 790 కోట్లు, కోబాల్ట్ 520 కోట్లు. 1960 నాటి ప్రపంచ వాడకం ప్రకారం ఆ రాగి 6,000 ఏళ్లకు వస్తుంది; నేలమీద తెలిసిన నిల్వ 40 ఏళ్లకే. నికెల్ లక్షా 50 వేల ఏళ్లకు, నేలమీదిది 100 ఏళ్లకు. మూలంలో ఇవి బిలియన్లలో ఉంటాయి: రాగి 7.9, నికెల్ 14.7. స్కాన్‌లో ఆ దశాంశ బిందువు ఒక మచ్చలా ఉంటుంది. ఓసీఆర్ దాన్ని వదిలేస్తే 7.9 కాస్తా 79 అవుతుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు బిలియన్ అంటే వంద కోట్లని వేసుకుని, ప్రతి అంకెనూ స్కాన్ బొమ్మతో సరిచూసుకోవాలి.

ఆదాయం లెక్క కూడా అలాగే. దేశాల అధికార పరిధికి ఇరుకైన హద్దు గీసి, మిగతాది అంతర్జాతీయ సంస్థ చేతిలో పెడితే ఐదో ఏడాదికి స్థూల ఆదాయం 600 కోట్ల డాలర్లకు దగ్గరవుతుందని, ఖర్చులు పోను కనీసం 500 కోట్లు పేద దేశాల అభివృద్ధికి మిగులుతాయని ఆయన అంచనా. ఆ అంచనాలు నిలబడలేదు. లోతు సముద్రపు తవ్వకం ఆయన అనుకున్న వేగంతో రాలేదు, నిల్వల లెక్కలు కూడా తర్వాత బాగా తగ్గాయి. ఈ సంగతి ప్రసంగం రికార్డులో ఉండదు కదా. అంకెల్ని నేటి వాస్తవాలుగా ఎత్తి రాయకుండా 1967 నాటి వాదంగా చదవాలి. అప్పుడే వాటి బలం తెలుస్తుంది: తాజా శాస్త్రీయ సమాచారం పట్టుకుని మాట్లాడితే అతిచిన్న దేశపు ప్రతినిధి కూడా పెద్ద దేశాల చేత సమాధానం చెప్పించగలడని ఆ రోజు రుజువైంది.

కాగితం నడిచిన దారి

డిజిటల్ లైబ్రరీ అసలు సత్తా ఒక పత్రం నుంచి ఇంకో పత్రానికి వెళ్లడంలో ఉంది. ప్రసంగానికి ముందు ఒక వినతి ఉండాలి కదా. 1967 ఆగస్టులో మాల్టా ప్రతినిధి బృందం పంపిన లేఖ ఎ/6695. కొత్త అంశాన్ని ఎజెండాలో చేర్చాలన్న కోరిక, దానికి జతగా వివరణ పత్రం ఇందులో ఉన్నాయి. తర్వాత డిసెంబరు 18న 2340 (22) తీర్మానం వచ్చి 35 దేశాల తాత్కాలిక కమిటీ ఏర్పడింది. మాల్టాతో పాటు భారత్ కూడా అందులో సభ్యురాలు; అధ్యక్షత సిలోన్‌కు చెందిన హామిల్టన్ షిర్లీ అమెరసింఘేది. 1968లో 2467 తీర్మానంతో 42 దేశాల శాశ్వత కమిటీ. 1969 డిసెంబరులో 2574లోని ‘డి’ భాగం: అంతర్జాతీయ ఏర్పాటు కుదిరేదాకా ఎవరూ సముద్రగర్భాన్ని తవ్వకూడదు. 1970 డిసెంబరు 17న 2749: సముద్రగర్భం మానవాళి ఉమ్మడి వారసత్వమన్న ప్రకటన.

ఈ తీర్మానాల సింబళ్ల దగ్గర అందరూ జారిపడే చోటు ఒకటుంది. 1975 దాకా సభ వార్షిక సమావేశం సంఖ్యను రోమన్ అంకెల్లో, బ్రాకెట్లలో, తీర్మానం సంఖ్య వెనక పెట్టేవారు; పైన 22 అని రాసింది అసలు సింబల్‌లో XXII. పుస్తకాల్లో రెండింటి మధ్యా ఖాళీ ఉంటుంది. సెర్చ్‌లో ఆ ఖాళీ ఉండకూడదు. 1976లో, అంటే 31వ సమావేశం నుంచి పద్ధతి మారింది: ముందు సమావేశం సంఖ్య, అడ్డగీత, తర్వాత తీర్మానం సంఖ్య. ఉదాహరణకు సముద్ర చట్టాల ఒప్పందంలోని 11వ భాగాన్ని సవరించిన 1994 జులై 28 నాటి ఒడంబడిక ఎ/ఆర్‌ఈఎస్/48/263లో ఉంది. పాత పద్ధతిలో కొట్టి కొత్త తీర్మానాన్ని, కొత్త పద్ధతిలో కొట్టి పాతదాన్ని వెతికితే ఖాళీ పేజీ వస్తుంది.

మాటలతో వెతికేవారికి ఇంకో చిక్కు. ‘ఉమ్మడి వారసత్వం’ అన్న ఇంగ్లిష్ పదబంధం కొడితే 2749 వస్తుంది, 2340 రాదు. 1967లో సభ పార్డో మాటను తీసుకోలేదు. దాని బదులు మానవాళి ఉమ్మడి ప్రయోజనం అని రాసుకుంది. మూడేళ్ల కమిటీ చర్చల తర్వాతే ఆయన పదం తీర్మానంలోకి ఎక్కింది, 1982లో ఒప్పందపు 136వ అధికరణంలో స్థిరపడింది. కాబట్టి పదంతో ఒకసారి, సబ్జెక్టు శీర్షికతో ఒకసారి, రెండు విధాలా వెతకాలి. రికార్డు పేజీలో కింద ఉండే సబ్జెక్టు లింకు నొక్కితే ఆ శీర్షిక కింద ఉన్నవన్నీ వస్తాయి. దీన్ని వాడనివారు ఈ సేవలో మంచి భాగాన్నే వదులుకుంటున్నారు.

ఓటింగ్ వివరాల విభాగానికి పూర్తి మార్కులు వేయవచ్చు. తీర్మానం పాఠం మాత్రమే చదివితే ప్రపంచమంతా ఒకే మాట మీద ఉన్నట్టు అనిపిస్తుంది. ఓట్లు చూస్తే కథ తెలుస్తుంది. 2749కి అనుకూలంగా 108, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, దూరంగా ఉన్నవి 14. తవ్వకం ఆపమన్న 2574 ‘డి’కి మాత్రం 62 అనుకూలం, 28 వ్యతిరేకం, 28 దూరం. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ఒకే పక్కన చేరి వ్యతిరేకించిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. మామూలు సూత్రాలకు తల ఊపిన అమెరికా లాంటి పెద్ద దేశాలు చేతులు కట్టేసే నిబంధన దగ్గర ఎలా వెనక్కి తగ్గాయో తెలియడానికి ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. 1982 ఏప్రిల్ 30న ఒప్పందం మీద జరిగిన ఓటింగ్ కూడా ఇదే బాట: 130 అనుకూలం, 4 వ్యతిరేకం, 17 దూరం. వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్, టర్కీ, వెనిజులా.

ఓటు రికార్డు లేదంటే లైబ్రరీలో లోపం ఉన్నట్టు కాదు. ఏకాభిప్రాయంతో ఆమోదించిన వాటికి ఓట్లే ఉండవు. మాల్టా సభ్యత్వాన్నే చూడండి. భద్రతా మండలి 1964లో 196వ తీర్మానంతో సిఫారసు చేసింది, డిసెంబరు 1న సర్వప్రతినిధి సభ చేర్చుకుంది. సభలో ఎవరు ఎటు ఓటేశారని వెతికితే ఏమీ రాదు. శాంతిదళాల ఖర్చు బకాయిల గొడవలో, బాకీపడ్డ దేశాలకు ఓటుహక్కు ఉండాలా వద్దా అన్న తగువు తేలక, ఆ 19వ సమావేశాన్ని ఓటింగ్ జోలికి పోకుండా నెట్టుకొచ్చారు. ఇలాంటి నేపథ్యాన్ని లైబ్రరీ రికార్డు చెప్పదు. దానికి సమితి ఇయర్‌బుక్ సంపుటాలు చూడాలి. అవీ ఆన్‌లైన్‌లో ఉచితమే. ఏ అంశంలోనైనా ముందు ఆ ఏడాది ఇయర్‌బుక్‌లోని అధ్యాయం చదివి, చివర ఇచ్చే పత్రాల సింబళ్లు రాసుకుని, ఆ తర్వాత డిజిటల్ లైబ్రరీకి రావడం అన్నిటికంటే వేగమైన పద్ధతి.

కమిటీల లోపలి పత్రాల దగ్గరికి వచ్చేసరికి నాణ్యత పడిపోతుంది. తాత్కాలిక కమిటీ పత్రాలు ఎ/ఎసి.135 వరుసలో, శాశ్వత కమిటీవి ఎ/ఎసి.138 వరుసలో ఉంటాయి. వరుసలో కొన్ని విడిగా తెరుచుకుంటాయి, కొన్నిటికి రికార్డు ఉండి ఫైలు ఉండదు. పార్డో చివరి పెద్ద పని అయిన సముద్ర ప్రదేశ (‘ఓషన్ స్పేస్’) ఒప్పందపు ముసాయిదా ఎ/ఎసి.138/53, తేదీ 1971 ఆగస్టు. సముద్రగర్భంతో సరిపెట్టకుండా నీటినీ అడుగునూ కలిపి ఒకే వ్యవస్థ కిందకు తేవాలని, దేశాల పరిధి 200 నాటికల్ మైళ్ల దగ్గర ఆగాలని అందులో ప్రతిపాదించారు. ఇది విడిగా దొరక్కపోతే నిరాశపడక్కర్లేదు. కమిటీ ఆ ఏడాది సభకు ఇచ్చిన నివేదిక ఎ/8421, అధికారిక రికార్డుల 21వ అనుబంధం. పని పత్రాల్ని నివేదిక అనుబంధాల్లో తిరిగి అచ్చువేయడం ఆనవాయితీ కాబట్టి ముసాయిదా అక్కడ పూర్తిగా ఉంది. ఏ కమిటీ పత్రం దొరక్కపోయినా ఆ ఏడాది నివేదిక అనుబంధం తెరవాలన్నది ఈ సేవ వాడేవారికి అన్నిటికంటే పనికొచ్చే చిట్కా.

ఇంకో లోటు ఉపన్యాసాల సూచిక. కొత్త సమావేశాల్లో ఒక్కో ఉపన్యాసానికి వక్త పేరుతో విడి రికార్డు ఉంది. 1960లకు అలా లేదు. పార్డో ఎక్కడెక్కడ మాట్లాడారో తెలియాలంటే ఆయా సమావేశాలకు అచ్చువేసిన ‘కార్యకలాపాల సూచిక’ తెరవాలి. అందులో వక్త పేరు వరుసలో, దేశం వరుసలో, విషయం వరుసలో మూడు విధాలుగా సమావేశం సంఖ్యలు ఇస్తారు. కొంచెం ఓపిక కావాలి గానీ మాల్టా పేరు కింద చూస్తే సముద్రగర్భం ఒక్కటే కాక పార్డో ఇంకా ఏయే అంశాల మీద నోరు విప్పారో బయటపడుతుంది.

చీకటి సగం

ఇక ఇరవై ఏళ్ల ఉద్యోగ పర్వం. దీనికి డిజిటల్ లైబ్రరీ దాదాపు పనికిరాదు, వేరే తలుపు తట్టాలి. సమితి సచివాలయం లోపలి ఫైళ్లు న్యూయార్క్‌లోని ఆర్కైవ్స్, రికార్డుల నిర్వహణ విభాగంలో ఉంటాయి. పేరు దగ్గరగా ఉండడంతో లైబ్రరీ, ఆర్కైవ్స్ ఒకటేనని చాలామంది పొరబడతారు. సైటు వేరు, కేటలాగు వేరు, సిబ్బంది వేరు. మామూలు ఫైళ్లు 20 ఏళ్లు దాటితే పరిశోధకులకు తెరుస్తారు. రహస్య ముద్ర ఉన్నవాటికి ఆ ముద్ర తీయించమని దరఖాస్తు పెట్టుకోవాలి. సిబ్బంది వ్యక్తిగత ఫైళ్లు మాత్రం చేతికివ్వరు. కాబట్టి ఉద్యోగి పేరుతో కాకుండా అతను పనిచేసిన విభాగం, దేశం, ఏళ్లు పట్టుకుని ఫైళ్ల జాబితా చూడాలి. ఉత్తరాల కింద సంతకాల్లో, నోట్‌షీట్ల మార్జిన్లలో మనిషి కనిపిస్తాడు.

డిజిటల్ లైబ్రరీలోనే ఒక చిన్న సందు ఉంది. ధర్మకర్తృత్వ మండలి పత్రాలు ‘టి’ అక్షరంతో మొదలవుతాయి. మండలి పంపిన సందర్శక బృందాల నివేదికల్లో తొలి పేజీల్లో వెంట వెళ్లిన సచివాలయ సిబ్బంది పేర్లు ఇస్తుంటారు. ఆఫ్రికా, పసిఫిక్ భూభాగాల నివేదికలు తెరిచి ఆ ఒక్క పేరా చదవడం తేలిక పని. సచివాలయ ఉద్యోగి పేరు అచ్చులో దొరికే కొద్ది చోట్లలో అదొకటి.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేం. పార్డోను పెంచిన అటోలికో 1920లలో, ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి సచివాలయంలో ఉప ప్రధాన కార్యదర్శి. ఆ సంస్థ ఆర్కైవ్స్ జెనీవాలో ఉన్నాయి; 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 2017 నుంచి 2022 దాకా సాగిన లోంటాడ్ ప్రాజెక్టు కింద వాటిని, కోటీ 40 లక్షలకు పైగా పేజీలను, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. సిబ్బంది ఫైళ్లు కూడా అందులో భాగమే. ఫలితంగా వందేళ్ల నాటి అధికారి గురించి ఇంట్లో కూర్చుని తెలుసుకోగలం, డెబ్బై ఏళ్ల నాటి అధికారి గురించి తెలుసుకోలేం. గోప్యత అవసరమే, కాదనం. మరణించి దశాబ్దాలు గడిచినవారి నియామకాలు, బదిలీల పట్టికైనా తెరిచి ఉంచితే అంతర్జాతీయ ప్రభుత్వోద్యోగం చరిత్ర రాయడం ఇంత కష్టం కాదు. ఆ సంస్థను నిలబెట్టినవారిలో ఎక్కువమంది ప్రసంగాలు చేసినవారు కారు.

1971 తర్వాతి పార్డో కోసం సమితి సైట్లలో వెతకడం దండగ. మూడో సముద్ర చట్టాల మహాసభ పత్రాలు ఎ/సీఓఎన్‌ఎఫ్.62 వరుసలో ఉన్నాయి గానీ అప్పటికి ఆయన బయటి విమర్శకుడు. ఎలిజబెత్ మాన్ బోర్గేసేతో కలిసి పనిచేశారు. ఆమె 1972లో మాల్టాలో స్థాపించిన అంతర్జాతీయ మహాసముద్ర సంస్థ ప్రచురణల్లో, విశ్వవిద్యాలయ పత్రికల్లో ఆయన వ్యాసాలు చూడాలి. ఇక న్యూయార్క్‌కూ మాల్టా రాజధాని వలెట్టాకూ మధ్య నడిచిన అధికారిక ఉత్తరాల సంగతంటారా, అవి మాల్టా ప్రభుత్వ రికార్డులు. వాటి కోసం సమితిని అడగకూడదు, మాల్టాను అడగాలి.

మనకు పనికొచ్చే చోటు

మధ్య హిందూ మహాసముద్రంలో మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఈ ఖనిజపు ముద్దల అన్వేషణ హక్కు ఉంది. 1981 జనవరి 26న గవేషణి నౌక తొలి ముద్దలు పైకి తీసింది, 1987లో భారత్‌కు సముద్రగర్భ అన్వేషణలో ‘పయనీర్ ఇన్వెస్టర్’ (తొలి మదుపరి) హోదా వచ్చింది, 2002 మార్చిలో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో కాంట్రాక్టు కుదిరింది. పార్డో కోరుకున్న అంతర్జాతీయ సంస్థ, ఆయన ఊహించినంత బలంగా కాకపోయినా, జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఇలా పనిచేస్తోంది. విశాఖలోనో గోవాలోనో సముద్ర భూగర్భశాస్త్రం చదివేవారు ఆ కాంట్రాక్టుల మూలం తెలుసుకోవాలంటే 1967 రికార్డుల దాకా వెళ్లాల్సిందే. ప్రాధికార సంస్థ పత్రాలకు ‘ఐఎస్‌బీఏ’ అనే సొంత సింబల్ ఉంది. వాటికి దాని సొంత సైటే నమ్మకమైన చోటు.

భాషల గురించి ఒక మాట. సైటు ఆరు అధికార భాషల్లో ఉంది, ఒకే పత్రానికి ఆరు ప్రతులు పక్కపక్కన చూపిస్తుంది. 1973లో గానీ అరబిక్ సభ అధికార భాష కాలేదు కాబట్టి పార్డో కాలపు పత్రాలకు అరబిక్ ప్రతి సాధారణంగా ఉండదు. ఇంగ్లిష్ స్కాన్ మసకగా ఉంటే ఫ్రెంచ్ ప్రతి తెరిచి అంకెలు సరిచూసుకోవచ్చు. దిగుమతి చేసుకున్న ఫైలు పేరు చివర భాష గుర్తు ఉంటుంది; పేరు మార్చకుండా అలాగే దాచుకుంటే సింబల్ కూడా పేరులోనే ఉండిపోతుంది, తర్వాత ఉదహరించడం తేలిక.

తెలుగులోకి అనువదించాలనుకునేవారికి: సింబల్ ఉన్న మామూలు సభా పత్రాల్ని సమితి స్వేచ్ఛగా వాడుకోనిస్తుంది. అమ్మకానికి వేసిన పుస్తకాల మీద మాత్రం కాపీరైట్ ఉంటుంది, వాటికి అనుమతి తీసుకోవాలి. పత్రం మొదటి పేజీ కింద ‘సేల్స్ నంబర్’ ఉందో లేదో చూసుకుంటే తేడా తెలుస్తుంది.

ఎంత వెతికినా దొరక్కపోతే లైబ్రరీ సిబ్బందినే అడగవచ్చు. ‘ఆస్క్ డాగ్’ పేరుతో ప్రశ్నలకు జవాబిచ్చే సేవ ఉంది, దానికీ రుసుము లేదు. అయితే ‘పార్డో గురించి సమాచారం కావాలి’ అని రాస్తే గైడు పేజీ లింకు పంపుతారు. ‘22వ సమావేశం, మొదటి కమిటీ, 1967 నవంబరు, ఫలానా సమావేశం రికార్డు తెరుచుకోవడం లేదు, ఫ్రెంచ్ ప్రతి ఉందా’ అని సభ, కమిటీ, తేదీ, సింబల్ నాలుగూ ఇచ్చి ఇంగ్లిష్‌లో అడగండి. స్కాన్ కాని పత్రాన్ని అల్మరాలోంచి తీసి చూడాలన్నా వారికి కావలసినవి ఆ నాలుగే.